మోటుపల్లి అభయం నుంచి బాండ్ల బేరం దాకా

చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో అమెరికా ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్ల మీద ఫ్యూచర్స్ బేరాలు (రాబోయే తేదీకి ధరను ఇవాళే కుదుర్చుకునే వాయిదా బేరాలు) మొదలై 2027 ఆగస్టు 22కు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా వచ్చే వ్యాసాలన్నీ చికాగోలోనే మొదలవుతాయి కాబట్టి, మనం వేటపాలేనికి దక్షిణంగా, కాస్త దూరంలో ఉన్న మోటుపల్లిలో మొదలుపెడదాం. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం అక్కడిదే. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగుల్నీ గుర్రాల్నీ రత్నాల్నీ లాగేసుకునేవారు. ఇకమీద ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేదీ ముట్టుకోమని గణపతిదేవుడు మాటిచ్చాడు. రాజుగారి దయాగుణాన్ని శాసనమే పొగుడుకుంది. లెక్క మనం వేసుకోవాలి. ఆ మాట నమ్మదగ్గదైతే, ఆ రేవుకొచ్చే సరుకు ధరలో భయం తాలూకు ఖరీదు తగ్గుతుంది. అంటే ప్రభుత్వం మాటకు బజారులో ఒక వెల ఉంటుంది, నమ్మకం పెరిగినా తరిగినా అది కదులుతుంది. బాండ్ల ఫ్యూచర్స్‌లో దిగినవాడు ముందుగా పసిగట్టాలని చూసేది ఈ కదలికనే.

1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మళ్లీ అభయం చెక్కించాడు. రాజు మారాక పాత మాట చెల్లుతుందా అన్న అనుమానం వర్తకులకు వచ్చే ఉండాలి. తర్వాతి అయిదు వందల ఏళ్లను ఒక్క అంగలో దాటేయక తప్పదు. విజయనగరం, గోల్కొండ, డచ్చివారు, కుంఫిణీ వచ్చి వెళ్లారు. మోటుపల్లి వైభవం మాసిపోయింది.

అసలు కథ 1861లో ఉంది. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవుల్ని దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులు పత్తికి మొహం వాచాయి. ఇండియా పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. గుంటూరు, కృష్ణా నేలల ఎర్రఛాయ పత్తి కాకినాడ నుంచి ఓడెక్కేది కనుక ఇంగ్లండులో దాని పేరే ‘కోకనాడ’. 1863 మార్చిలో దక్షిణాది ప్రభుత్వం పారిస్‌లోని ఎర్లాంజే బ్యాంకు ద్వారా 30 లక్షల పౌన్ల బాండ్లు అమ్మకానికి పెట్టింది. వడ్డీ 7 శాతం. డబ్బు వద్దనుకుంటే పౌను బరువుకు 6 పెన్స్ చొప్పున పత్తే తీసుకోవచ్చు! లివర్‌పూల్‌లో అప్పటి పత్తి ధర దానికి మూడింతలకు పైమాటే. చిక్కల్లా ఒక్కటే: ఆ పత్తిని దిగ్బంధం దాటించి తెచ్చుకునే బాధ్యత బాండు కొన్నవాడిది. 100కి 90 చొప్పున అమ్మిన కాగితం కొద్ది రోజులకే జారడం మొదలైంది. దాన్ని నిలబెట్టడానికి దక్షిణాది ప్రతినిధులు, అప్పుగా తెచ్చిన డబ్బుతోనే తమ కాగితాన్ని తామే గుట్టుగా కొనిపించారు. జులైలో విక్స్‌బర్గ్, గెటిస్‌బర్గ్ ఓటములతో మళ్లీ పడిపోయింది. 1864లో ఉత్తరాది అధ్యక్షుడు లింకన్ ఎన్నికల్లో ఓడిపోతాడన్న ఊహ బలపడగానే లేచింది. 1865లో యుద్ధం ముగిసేసరికి కాగితమూ కూలింది, మన పత్తి ధరా కూలింది. 1868లో అమెరికా 14వ రాజ్యాంగ సవరణ ఆ అప్పు చెల్లదని తేల్చేసింది.

ఇదంతా జూదమే కదా అని ఎవరైనా అనొచ్చు. 1865 జులై 1న గడువు తీరిన షేర్ల వాయిదా బేరాలు బొంబాయిని ముంచి, బ్యాంక్ ఆఫ్ బాంబేను కూల్చిన సంగతినీ గుర్తుచేయొచ్చు. అయితే జూదం, అంతకుముందు లేని నష్టభయాన్ని పుట్టిస్తుంది. కాకినాడ గోదాములో బేళ్లు పేర్చుకున్న వర్తకుడికి ధర పడే భయం బేరం ఆడినా ఆడకపోయినా ఉంది. దాన్ని ఇంకొకరి నెత్తికెత్తే దారి అతనికి లేదు. బొంబాయిలో చేటు తెచ్చింది వాయిదా ఒక్కటే కాదు, చేతిలో సొమ్ము లేకుండా అప్పుమీద కొనడం. ఇప్పటి ఎక్స్ఛేంజీలు ముందే హామీ సొమ్ము (మార్జిన్) కట్టించుకుని, లాభనష్టాలను ఏ రోజుకారోజు తేల్చేస్తాయి.

భారత ప్రభుత్వం రూపాయి అప్పు ఎగ్గొట్టదు కదా, ఇక పసిగట్టడానికేముందన్నది ఇంకో ప్రశ్న. అసలు తిరిగొస్తుంది, దాని విలువ మాత్రం మారుతుంది. 7 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండు 100కి కొన్నాక కొత్త బాండ్లు 8 శాతం ఇస్తే, పాతదాని ధర సుమారు 93కు దిగుతుంది. అందుకే ధరల పెరుగుదల, ముడిచమురు, ప్రభుత్వం చేయబోయే అప్పుల పట్టిక, రిజర్వు బ్యాంకు నిర్ణయం మీద అంత కన్ను. 1863లో లివర్‌పూల్ కబురు స్టీమరులో వచ్చేది, ముందు అందుకున్నవాడిది లాభం. ఇప్పుడు అందరి ఫోన్లలోకీ ఒకేసారి వస్తుంది. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు (రెపో) పావు శాతం తగ్గుతుందని అందరూ అనుకున్నాక తగ్గితే బాండు ధర కదలకపోవచ్చు. తగ్గించి, ఇక ఇంతేనని గవర్నరు అంటే పడిపోవచ్చు కూడా.

ఇక్కడిదాకా వరుస బాగానే కుదిరింది. మన కాలానికొచ్చేసరికి చెదిరింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ)లో ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ రేట్ల ఫ్యూచర్స్ 2003లో ఒకసారి, 2009లో మరోసారి, 2014లో ఇంకోసారి మొదలయ్యాయి. చివరి రకంలో ఒక్కో కాంట్రాక్టు 2 లక్షల ముఖవిలువది. ధర పావలా కదిలితే 500 రూపాయలు. అయినా బజారు పెద్దగా కట్టలేదు. 2003లో బ్యాంకులకు తమ నష్టాన్ని కాచుకోవడానికే అనుమతి ఉండటంతో, ఎదురుబేరానికి నిలిచేవాడు కరువయ్యాడు. సర్కారు అప్పుకాగితం మీద బేరానికి మూడుసార్లు ముహూర్తం పెట్టిన దేశంలోనే, ప్రకాశం రైతు పండించే శనగల ఫ్యూచర్స్‌ను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021లో ఆపేసింది. ధరలు పెరుగుతాయన్న భయం అర్థమయ్యేదే. కానీ శనగ బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ధర కోసం ఎదురుచూసే రైతు కూడా రేపటి ధర మీదే పందెం కాస్తున్నాడు. ఎదుటి పక్షం లేదు కాబట్టి ధర పడితే నష్టమంతా అతనిదే, దాని మీద స్టోరేజీ అద్దె అదనం.