పాత మోటారు సైకిళ్ళు - అసలుతనపు విలువ

పుదుచ్చేరి కడలితీరమున సాయంకాలము విహరించువారికి మహాత్మా గాంధీ విగ్రహము చుట్టును ఎత్తైన రాతిస్తంభములు కనబడును. అవి జింజీ కోట నుండి తెచ్చినవని ప్రసిద్ధి. ఆ శిలలు అసలైనవే. వాని స్థానము మాత్రము అసలుది కాదు. అచటికి కొలది దూరములో ఫ్రెంచివారు ‘మేరీ’ అని పిలిచిన పురపాలక భవనము కలదు. 1870 ప్రాంతమున కట్టిన ఆ భవనము 2014 నవంబరు వానలకు కూలిపోయినది. ప్రపంచ బ్యాంకు సహాయముతో అదే చోట, అదే రూపున మరల నిర్మింపబడి 2021 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఇచట స్థానము అసలుది, రూపము అసలుదానిని పోలినది, దేహము మాత్రము కొత్తది. ఈ రెంటికిని గల భేదమును గమనించినవారికి, పాత వస్తువుల విషయమున ‘అసలు’ అను మాట తోచినంత సులభము కాదని తెలియగలదు.

పట్టణమే ఇందుకు గొప్ప దృష్టాంతము. 1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశము కాగా వారు దానిని నేలమట్టము చేసిరి. 1763 నాటి పారిస్ సంధి ననుసరించి 1765లో అది ఫ్రెంచివారికి తిరిగి దక్కెను. గవర్నరు జాఁ లా పాత వీధుల జాడలోనే పట్టణమును తిరిగి కట్టింప నారంభించెను. నేడు యాత్రికులు చూచి మెచ్చుకొను తెల్లవారి పేట ఆ విధముగా పునర్నిర్మితమైనదే. ఐనను దానిని నకిలీ పట్టణమని ఎవరును అనరు. ఏలయన, దాని కథను ఎవరును దాచలేదు.

ఇట్టి ప్రశ్నయే ఆ వీధులలో తిరుగాడు పాత మోటారు సైకిలును చూచి ముచ్చటపడి కొనదలచువానికిని ఎదురగుచున్నది. బండి పాతదే. కాని ఇంజను మారినదా? రంగు క్రొత్తగా వేసినదా? మారినచో విలువ తగ్గవలెనా? ‘ఒరిజినల్’ అని అమ్మువాడు పలుకు ఒక్క మాటపై ధర ఎంతో పెరుగుచున్న ఈ దినములలో ఆ మాటకు అర్థమేమో విచారించుట అవసరము.

ఈ విచారణకు పుదుచ్చేరికి ఉత్తరముగా, ఇదే తీరమున, మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో పుట్టిన ‘బులెట్’ బండి చరిత్రకు మించిన ఉదాహరణము లేదు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున ఎన్‌ఫీల్డ్ సైకిల్ కంపెనీ 1901లో తన తొలి మోటారు సైకిలును చేసెను. ‘బులెట్’ అను పేరు 1932లో వెలసెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, వెనుక చక్రమునకు సైతము స్ప్రింగుల ఊతముగల 350 సి.సి. బులెట్ 1949లో విపణికి వచ్చెను. స్వతంత్ర భారత సైన్యము సరిహద్దుల కాపలాకు దీనినే ఎన్నుకొనెను. 1955లో రెడిచ్ వారును మద్రాసు మోటార్స్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించిరి. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను ఇచట కూర్చెడివారు. 1957లో అచ్చులు, తయారీ పరికరములు తరలివచ్చెను. 1962 నాటికి భాగములన్నియు ఇచటనే తయారగుచుండెను. ఇంతలో రెడిచ్ కర్మాగారము 1967లో మూతపడెను. 1970 ప్రాంతమున ఇంగ్లండులో ఉత్పత్తియే నిలిచిపోయెను. పుట్టినింట ఆరిన దీపము మెట్టినింట వెలుగుచుండెను. 1977లో తిరువొత్తియూరు బులెట్ ఇంగ్లండునకే ఎగుమతి అయ్యెను.

ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న: 1965లో తిరువొత్తియూరున పుట్టిన బులెట్ అసలా, నకలా? రెడిచ్ బండితో పోల్చి దానిని నకలనువారు కలరు. కాని ఇంగ్లండువారు తమ నమూనాలను మార్చుకొనుచు పోగా, 1955 నాటి రూపమును దశాబ్దములపాటు కాపాడినది మద్రాసే. ఆ బండికి ప్రమాణము రెడిచ్ కాదు. ఆ యేట తిరువొత్తియూరు గుమ్మము దాటి వచ్చిన స్వరూపమే. కావున మద్రాసు బండికి విదేశపు చిహ్నములు తగిలించి రెడిచ్ బండిగా కనబడజేయుట దాని విలువను పెంచుట కాదు, దాని పుట్టుకను తుడిచివేయుట. జావా విషయమును ఇట్టిదే. చెకొస్లొవేకియా నమూనాను ఐడియల్ జావా సంస్థ మైసూరులో 1961 నుండి తయారుచేసెను. 1973 నుండి బండి ‘యెజ్డీ’ పేర వెలువడెను. 1996లో కర్మాగారము మూతపడెను. యెజ్డీ ట్యాంకుపై జావా చిహ్నము అతికించినంత మాత్రమున అది జావా కానేరదు. యెజ్డీగా దానికి తనదైన గౌరవము కలదు.

అసలుతనమును మూడు విధములుగా విభజించి చూచిన యెడల చిక్కు కొంత విడిపోవును.

మొదటిది సంఖ్యల అసలుతనము. ఛాసిస్‌పైనను ఇంజనుపైనను పొడిచిన అంకెలు రిజిస్ట్రేషను పత్రములోని అంకెలతో సరిపోవలెను. ఇది అభిరుచికి సంబంధించినది కాదు, చట్టమునకు సంబంధించినది. ఇంజను మార్చుటలో తప్పు లేదు. మార్చిన సంగతి పత్రమున ఎక్కింపకుండుట తప్పు. ఆకురాయితో అరగదీసి మరల పొడిచిన అంకెలుగల బండి ఎంత అందముగ నున్నను దానిని కొనరాదు. బ్రిటిష్ బండ్ల విషయమున మరియొక సౌకర్యము కలదు: 1946లో ఇంగ్లండున ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు పలు పాత కర్మాగారముల దస్తరములను భద్రపరచినది. ఏ సంఖ్యగల బండి ఎప్పుడు, ఎచటికి పంపబడినదో వానివలన తెలిసికొనవచ్చును.

రెండవది భాగముల అసలుతనము. ఇందు మన దేశపు పరిస్థితులను మరువరాదు. దిగుమతులపై కఠిన నిర్బంధములున్న కాలమున మోటారు సైకిలు మనవారికి వినోద వస్తువు కాదు. కుటుంబమంతయు ఆధారపడిన వాహనము. విరిగిన భాగము దొరకనిచో మెకానిక్కు లేతుపై మరియొకటి తీసి బిగించెను. ఆమల్ కార్బురేటరు అరిగినచోట మిక్‌కార్బ్ వచ్చెను. 6 వోల్టుల దీపములు మినుకుమినుకుమనగా 12 వోల్టుల ఏర్పాటు చేసికొనిరి. పెట్రోలు ప్రియమైనదని కొందరు డీజిలు ఇంజనునే ఎక్కించిరి. ఇంజను పోయిన బండి తన ప్రధానాంశమును కోల్పోయినది, నిజమే. కాని కార్బురేటరు మారినంతనే బండి భ్రష్టమైనదనుట, దానిని 40 ఏండ్లు నడిపించిన మెకానిక్కు శ్రమను అవమానించుటయే.

మూడవది పైపూత అసలుతనము. చాలమంది దీనిని అన్నిటికంటె తక్కువగ చూతురు. కాని పోయిన పిమ్మట ఎవరును తిరిగి తేలేనిది ఇదియే. తిరువొత్తియూరు ట్యాంకులపై బంగారు గీతలు కుంచెతో, చేతితో గీసినవి. ఆ గీతలో గీసిన చేతి ఒత్తిడి కనబడును. ట్యాంకును గీకి, మెరయు రంగు వేసి, గీత స్థానమున అంటుకాగితము అతికించినప్పుడు బండి క్రొత్తదైనట్లు తోచును. కాని ఒక పనివాని సంతకము చెరిగిపోవును. పుదుచ్చేరి వంటి తీరప్రాంతమున ఉప్పుగాలికి నికెలు, క్రోమియము పూతలు త్వరగా పొక్కును. అట్టి చోట పూత మరల వేయించుట తప్పనిసరి కావచ్చును. తప్పనిసరియైనదానికిని, మెరుపుపై మోజుతో చేసినదానికిని గల తేడాను కొనువాడు గ్రహింపవలెను.

పాశ్చాత్య దేశముల విపణి ఈ సంగతిని ఆలస్యముగా నైనను తెలిసికొన్నది. ఇంగ్లండున కార్న్‌వాల్ ప్రాంతమున కొట్టములలో దశాబ్దముల తరబడి తుప్పుపట్టి పడియున్న 8 బ్రఫ్ సుపీరియర్ బండ్లు 2016లో వేలమునకు వచ్చెను. వానిలో ఒక్కటే 3,31,900 పౌండ్లు పలికెను. వానిని ఎవరును తుడువలేదు, రంగు వేయలేదు. తుప్పునకు అంత ధర ఏల? ఆ తుప్పు క్రింద ఎవరును చేయి పెట్టలేదను నమ్మకమునకు ఆ ధర.

మన ప్రభుత్వమును ఇటీవల ఈ విషయమున నియమములు చేసినది. 2021లో కేంద్ర మోటారు వాహనముల నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు ‘వింటేజ్’ హోదా కల్పించినది. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, అది 10 సంవత్సరములు చెల్లును, సంఖ్యాఫలకముపై రాష్ట్ర సంకేతము పిమ్మట ‘వీఏ’ అను అక్షరములుండును, వాణిజ్యమునకు వాడరాదు. ముఖ్యమైన షరతు మరియొకటి: వాహనము అసలు స్వరూపమున నుండవలెను, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగియుండరాదు. ఇట్లు అసలుతనము ఇప్పుడు కేవలము రసికుల ముచ్చట కాక, చట్టములోని మాటయే అయినది. తెలియక ఇంజను మార్చిన బండిని ‘ఒరిజినల్’ అని నమ్మి కొన్నవాడు ధనమునే కాక ఆ హోదాను కూడ పోగొట్టుకొనవచ్చును.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. ‘బండి నడుపుటకే గాని పూజకు కాదు; పాత బ్రేకులతో, మసక దీపముతో నేటి రహదారులపై పోవుట ప్రమాదము’ అని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. నడుపదలచువాడు మంచి టైర్లు, మంచి దీపములు వేసికొనుటయే వివేకము. అయితే తీసిన పాత భాగములను పారవేయక మూటగట్టి బండితోపాటు ఉంచినచో, రాబోవువాడు కోరిన దినమున మరల బిగించుకొనవచ్చును. తిరిగి సరిదిద్దరాని మార్పు వేరు, సరిదిద్దదగిన మార్పు వేరు.

పుదుచ్చేరి చరిత్రలో దీనికి చక్కని పోలిక కలదు. డూప్లే కాలపు దుబాసియైన ఆనందరంగ పిళ్ళ తెలుగువారికి కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’నకు కృతిభర్తగా పరిచితుడు. ఆయన 1736 నుండి 1761 వరకు వ్రాసిన దినచర్యను 1846లో గాలోవా మోంబ్రూన్ అను ఫ్రెంచివాడు వెలికితీసి నకలు సిద్ధపరచెను. తరువాత మద్రాసు ప్రభుత్వము మరియొక నకలు చేయించి, దాని ఆధారమున 1904 నుండి 1928 వరకు 12 సంపుటములుగా ఆంగ్లానువాదము ప్రకటించెను. చరిత్రకారులు ఆ నకళ్ళను నమ్ముచున్నారు. నకలు నకలుగా, లోపమున్నచోట లోపముగా చెప్పబడినందువలననే ఆ నమ్మకము. నకలును మూలమని చెప్పియుండిన యెడల ఒక్క పుటకైనను విలువ యుండెడిది కాదు.

కావున అసలుతనము విలువగలదే. కాని దానికంటె విలువైనది అసలు సంగతి చెప్పుట. ఏది పాతది, ఏది ఎప్పుడు మారినది, ఎవరు మార్చిరి అను వివరము వ్రాసియున్న బండి, భాగములు మారినను నమ్మదగినది. వివరము దాచిన బండి అద్దమువలె మెరసినను అనుమానింపదగినది. తండ్రి 30 ఏండ్లు నడిపిన బులెట్ పంచలో నున్న ఇంట, అమ్ముటకో నడుపుటకో నిశ్చయించుకొనక ముందే రంగులవానిని పిలువరాదు. ట్యాంకు ప్రక్కన మోకాళ్ళ ఒరపిడికి వెలిసిన ఆ రెండు మచ్చలను ఏ కర్మాగారమును తయారుచేయలేదు, ఏ పనివాడును తిరిగి వేయలేడు. పెట్టెలోని పాత రసీదులను, రిజిస్ట్రేషను పుస్తకమును, తీసివేసిన భాగములను ఒకచోట చేర్చి, తెలిసినంత కథ ఒక కాగితముపై వ్రాసియుంచుట మొదటి పని. రంగు వేయించుటకు పిమ్మట ఎంతైన సమయము కలదు.