అంగడి భాషలు, ఆలస్యమైన మతిమరుపు

ఆదిలాబాద్ అంగడిలో ఒకే బేరం గోండిలో మొదలై మరాఠీ మీదుగా తెలుగులో తెగుతుంది. ఇలాంటి బహుభాషా జీవితం మెదడుకు చేసే మేలును హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. అందుకు ముందు మతిమరుపును పట్టే పరీక్షలే మారాలి: బడి మొహం చూడని ముసలవ్వను గడియారం బొమ్మ గీయమంటే తేలేది మతిమరుపు కాదు, పలక పట్టని బాల్యం. అందుకే వాటిని తెలుగుకు, నిరక్షరాస్యులకు తగినట్టు మలిచారు. 2006–2012 మధ్య అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడ్డాయి. ఒక్క భాషే వచ్చినవారికన్నా 391 మంది బహుభాషులకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అసలు విశేషం అదే. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగులపై చేసిన అధ్యయనం వచ్చింది. పక్షవాతం తర్వాత మెదడు పనితీరు మామూలుగా ఉన్నవారు బహుభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు.