పావురాలగుట్ట నేర్పిన పాఠం: విమానాల రూల్స్ ఎవరు చూస్తారు?

మాది సి.బెళగల్. మా ఊళ్లో విమానం సౌండ్ వస్తే తలెత్తి చూసేవాళ్లే గానీ, ఎక్కినవాళ్లు తక్కువ. అయినా విమానాల సేఫ్టీ గురించి నేను మాట్లాడడానికి ఒక కారణం ఉంది.

2009 సెప్టెంబరు 2. అప్పుడు నేను ఆరో క్లాసు. ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో నల్లమల మీద కాంటాక్ట్ పోయింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ టీవీ ఆపలేదు. తెల్లారి పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఐదుగురూ పోయారు.

తర్వాత ఏమైంది? 2010 జనవరిలో ‘కుట్ర’ అని టీవీలో ఒక కథనం వచ్చింది. అంతే, రాష్ట్రంలో షాపుల మీద రాళ్లు పడ్డాయి. రుజువు ఎవరూ అడగలేదు.

మరి కేంద్రం వేసిన దర్యాప్తు కమిటీ ఏం చెప్పింది? గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ వార్నింగ్ వచ్చింది. పైలట్లు మాన్యువల్‌లో దాని చెక్‌లిస్ట్ వెతకడంలో పడ్డారు. ఆ నిమిషాల్లోనే హెలికాప్టర్ ఉరుముల మేఘంలోకి పోయి, కంట్రోల్ తప్పింది. కుట్ర కాదు ఫ్రెండ్స్. వాతావరణం, ఒక వార్నింగ్, చేతికి అందని ఒక పేజీ.

ఇలాంటి దర్యాప్తులకు రూల్స్ ఎక్కడివి? 1944లో షికాగోలో 52 దేశాలు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి, అందులో మన దేశమూ ఉంది. దాన్నుంచే ఐకావో పుట్టింది. దాని అనెక్స్ 13 ఏమంటుందంటే, దర్యాప్తు ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదు, ఇంకో ప్రమాదం జరక్కుండా ఆపడానికి. ప్రమాదం జరిగిన దేశమే దర్యాప్తు చేస్తుంది. తయారుచేసిన దేశానికి కూడా ప్రతినిధిని పెట్టే హక్కుంటుంది.

అప్పట్లో మన దగ్గర ఒక లోపం ఉండేది. లైసెన్సులు ఇచ్చేది డీజీసీఏ, చాలా ప్రమాదాల దర్యాప్తు చూసేదీ డీజీసీఏనే. పరీక్ష రాసినోడే పేపర్ దిద్దుకున్నట్టు! 2012లో ఏఏఐబీ అని దర్యాప్తుకు వేరే సంస్థ పెట్టారు. అదీ విమానయాన శాఖ కిందే ఉంది, కానీ డీజీసీఏ నుంచి విడిపడింది.

ఇంకో దెబ్బ బయటినుంచి తగిలింది. 2014 జనవరి 31న అమెరికా ఎఫ్‌ఏఏ మన దేశాన్ని కేటగిరీ 2కి దించేసింది. తనిఖీ చేసే నిపుణులు చాలినంతమంది లేకపోవడం ఒక ముఖ్య కారణం. దాంతో మన ఎయిర్‌లైన్స్ అమెరికాకు కొత్త సర్వీసులు పెంచుకోలేకపోయాయి. మనవాళ్లు మనుషుల్ని తీసుకుని, లోపాలు సరిదిద్దాక 2015 ఏప్రిల్‌లో కేటగిరీ 1 తిరిగొచ్చింది. ఐకావో రూల్ రాస్తుంది, ఆడిట్ చేస్తుంది. అమలు చేయాల్సింది మాత్రం ఎవరి దేశం వాళ్లే.

ఇప్పుడు మన కర్నూలు పక్కన ఓర్వకల్లులోనే ఎయిర్‌పోర్ట్ ఉంది. డీజీసీఏ లైసెన్స్ ఇచ్చాకే 2021 మార్చిలో అక్కడ ఫ్లైట్లు మొదలయ్యాయి. మా బెళగల్ పిల్లోళ్లూ రేపు అక్కడే ఎక్కుతారు.

అందుకే ఒక్క మాట. ఈసారి ఎక్కడైనా విమానం కూలితే, గంటలోపే ‘అసలు నిజం ఇదే’ అని వాట్సాప్‌లో ఒకటి వస్తుంది. దాన్ని ఫార్వర్డ్ చేయకండి. రిపోర్ట్ వచ్చేదాకా ఆగి, అది వచ్చినప్పుడు చదవండి. ఆ పోయినవాళ్లకు మనం ఇచ్చే మర్యాద అదే.