బిషప్ ఆక్లండు ఫుట్బాలు సంఘ చరిత్రము



మన మహాసభా సంచికలో పరదేశపు బంతియాట కథ యేల యని కొందరడుగవచ్చును. సంఘమనునది ధనబలముచే నిలుచునా, సభ్యుల నిష్ఠచే నిలుచునా యను ప్రశ్న మనకును వారికిని సమానమే. అందుచేత ఈ చరిత్రమును విన్నవించుచున్నాను.

ఇంగ్లండు ఉత్తరభాగమున, డర్హాము మండలములో బిషప్ ఆక్లండు అను చిన్న పట్టణము కలదు. పూర్వము దాని చుట్టును బొగ్గుగనులుండెను. పట్టణములో డర్హాము క్రైస్తవ పీఠాధిపతులు నివసించిన కోట యున్నది. ఆ కోటకు మతశాస్త్రము నభ్యసింప వచ్చిన ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు 1882లో అచట ఫుట్బాలు జట్టు నొకదానిని నెలకొల్పిరి. పిదప వారిలో వివాదము పొడమి చీలిక యేర్పడగా, 1886లో ఇప్పటి సంఘము జనించెను. ఆ రెండు విశ్వవిద్యాలయముల ముదురు నీలము, లేత నీలము వీరి దుస్తులకు వన్నెలైనవి. కలహమున పుట్టిన సంఘమయ్యును కలహముచే నశింపకుండుట గమనింపదగినది.

ఆడినందుకు వేతనము గొనరాదనునది వారి నియమము. వారమంతయు ఎవరి వృత్తిని వారు నడపుకొని, శనివారమున బంతి నాడెడివారు. ఇట్టివారికై 1893-94లో అమెచ్యూరు కప్పు అను పోటీ యేర్పడినది. దానిని ఈ చిన్న పట్టణము 1896లో తొలిసారి గెలిచి, మొత్తము పది పర్యాయములు చేకొన్నది. అన్ని మారులు గెలిచిన సంఘము మరియొకటి లేదు. 1954లో అయిదు మైళ్ల దూరముననున్న క్రూకు పట్టణముతో తుదియాట పడినది. లండనులోని వెంబ్లీ మైదానమున లక్ష జనము చూచుచుండగా ఇరువురును సమానులైరి. రెండవ ఆటయు నట్లే ముగిసెను. మూడవదాన క్రూకువారు గెలిచిరి. బిషప్ ఆక్లండువారు క్రుంగలేదు. 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు కప్పును తెచ్చుకొనిరి.

ఇక ముఖ్యవిషయము. 1958 ఫిబ్రవరి 6వ తేదీన మ్యూనిక్ నగరమున విమానము కూలి 23 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు మాంచెస్టరు యునైటెడు జట్టు ఆటగాండ్రు. ప్రఖ్యాతమైన ఆ సంఘము జట్టు నిలుపుకొనలేని దుఃస్థితిలో పడినపుడు, ఈ చిన్న పట్టణమునుండి బాబ్ హార్డిస్టి, డెరెక్ లూయిన్, వారెన్ బ్రాడ్లీ అను మువ్వురు సహాయార్థము వెళ్లిరి. 1948 ఒలింపిక్కులలో బ్రిటను జట్టును తీర్చిన మాట్ బస్బీయే యునైటెడుకు శిక్షకుడు. ఆనాడు ఆయన క్రింద ఆడిన హార్డిస్టి, ముప్పదియేడేండ్ల వయస్సున మరల బూట్లు తొడిగెను. బ్రాడ్లీ బడిపంతులు. ఆయన 1959లో ఇంగ్లండు ప్రధాన జట్టున ఆడి, తరువాత ప్రధానోపాధ్యాయుడయ్యెను. చిరకాలము బడిలో గడపిన నాకు ఈ మాట వ్రాయునపుడు కలుగు సంతోషమును పాఠకులు మన్నింతురుగాక.

సత్యము దాచుట చరిత్రకారునకు తగదు. వేతనము లేదనుచునే చాటుగా బూట్లలో ధనముంచు దురాచారము ఆ దేశపు పెక్కు సంఘములలో ప్రబలెను. తుదకు 1974లో అధికారులు ఆ భేదమునే రద్దుచేసిరి. కప్పును దానితోడనే ముగిసెను. నియమము మాటలలో మిగిలి ఆచరణలో చెడినపుడు దానికట్టి గతియే పట్టును.

అయినను చేసిన మేలు వృథా పోలేదు. 1996లో బిషప్ ఆక్లండువారు ధనసంకటమున పడగా, మాంచెస్టరువారు జట్టును పంపి సహాయార్థమొక ఆట నాడి ఋణము తీర్చుకొనిరి. 2001లో పాత మైదానమును విడిచి, పొరుగూళ్ల మైదానములలో ఆడుచు దినములు గడపి, 2010లో వారు స్వంత స్థలమును చేరిరి.

కప్పులు పోయినవి, గనులు మూతపడినవి, సంఘము మాత్రము నిలిచినది. ఆపదలో నున్నవారికి తనలోని ఉత్తములను పంపిన సంఘము కష్టకాలమున ఒంటరి కాలేదు. చందా యిచ్చు చేతులు మనకును కలవు. శ్రమనిచ్చు చేతులు ఎన్ని కలవో ప్రతివారును తమలో తాము లెక్కించుకొందురుగాక.

శుభం భూయాత్.