పుట్టగొడుగుల కూర తిన్నాక వాంతులా? తగ్గిపోయినా ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలంటే..

వానలు మొదలైతే చాలు, చెదపుట్టల దగ్గర, పొలం గట్ల మీద పుట్టగొడుగులు లేస్తాయి. నగర శివార్లలో రోడ్డు పక్కన గంపల్లో పెట్టి అమ్మేవాళ్లూ కనిపిస్తారు. పుట్టల మీద వచ్చే ఈ రకాన్ని నిజానికి చెదపురుగులే లోపల పెంచుకుంటాయి. అందుకే బటన్ మష్రూమ్‌లా ఏడాది పొడవునా మార్కెట్లో దొరకవు. ఆ రుచి తెలిసినవాళ్లు సీజన్ కోసం ఎదురుచూస్తారు. చిక్కల్లా వాటిని పోలిన విషపు రకాలతోనే.

వండేటప్పుడు వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగులు తిన్నవైతే మనమూ తినొచ్చని చెబుతుంటారు. ఇవేవీ నమ్మదగ్గ పరీక్షలు కావు. అమానిటా జాతిలోని కొన్ని రకాల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. రుచిలోనూ తేడా తెలియదు. ఈ రకాల్లో చాలావాటికి గొడుగు కింద తెల్లని రేకులు, కాడకు ఉంగరంలాంటి పొర, మొదట్లో చిన్న సంచి ఉంటాయి. ఆ సంచి ఉండేది మట్టిలో. పైకి కోసి తెచ్చినవాటిలో అది కనిపించదు, మీ ఫోన్ కెమెరాకూ కనిపించదు. ఫొటో తీస్తే యాప్ ఏదో ఒక పేరు చెబుతుంది. దాన్ని నమ్మి పొయ్యి వెలిగించకండి.

పార్కుల్లో, అపార్ట్‌మెంట్ లాన్లలో లేచేవాటితోనూ జాగ్రత్త. తెల్ల గొడుగు మీద గోధుమరంగు పొలుసులుండే ఒక రకానికి ముదిరాక రేకులు ఆకుపచ్చగా మారతాయి. లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉండటంతో మోసపోతారు. ఇది తింటే సాధారణంగా ఒకటి నుంచి 3 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

అమాటాక్సిన్ అలా కాదు. తిన్న 6 గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గానీ లక్షణాలు బయటపడవు. కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు వస్తాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది. హమ్మయ్య అనుకుని చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడు, నాలుగు రోజులకు కామెర్లు కనిపిస్తే పరిస్థితి చేయి దాటుతున్నట్టే. కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు.

కాబట్టి అనుమానం రాగానే 108కి ఫోన్ చేయండి. న్యూఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 116 117. ఇది 24 గంటలూ పనిచేస్తుంది, డాక్టర్లు కూడా అక్కడ సలహా తీసుకోవచ్చు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. నాటు మందులతో పొద్దు గడపొద్దు. మిగిలిన పుట్టగొడుగులుంటే పేపర్ కవర్‌లో (ప్లాస్టిక్‌లో పెడితే త్వరగా కుళ్లిపోతాయి) పెట్టి తీసుకెళ్లండి. పచ్చివి లేకపోతే మిగిలిన కూరైనా సరే. ఎన్ని గంటలకు తిన్నారో, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో డాక్టర్‌కు కచ్చితంగా చెప్పండి. అదే కూర తిన్న మిగతావాళ్లు బాగానే ఉన్నా వెంట తీసుకెళ్లాలి, ముఖ్యంగా పిల్లల్ని. మొదటి రక్తపరీక్షలో కాలేయం బాగానే ఉందని వచ్చినా, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయాలో అడగకుండా ఇంటికి రావొద్దు.

ఇక ట్రెక్కింగ్‌కు వెళ్లి ఏరుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ కేబీఆర్ పార్కు సహా జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు అడవిపై ఆధారపడి బతికే గిరిజనులు, ఇతర సంప్రదాయ నివాసులది. వీకెండ్ టూరిస్టులకు అది వర్తించదు.