రెండు గంటలు ఇక్కడే కూర్చో పాపా

ఈరోజు తొమ్మిదో తేదీ. చంద్రగిరి అవతల పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వసారాలో బెంచీలు చాల్లేదు, కొందరు గచ్చు మీదే చతికిలబడ్డారు. 2016లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ మొదలైనప్పటి నుంచి నెలనెలా ఈ రోజు కడుపుతో ఉన్నవాళ్లదే. మీరూ గోడవారగా జరిగి కూర్చోండి. పక్కన ఆరో నెల పిల్ల, ఆమెను ఆనుకుని అత్త.

బరువు అయింది. జబ్బకు పట్టీ చుట్టి నర్సమ్మ గాలి కొడుతోంది. "నూటపది, డెబ్బై." పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ తాకితే కాసేపాగి మళ్లీ చూస్తారు. అప్పటికీ దిగకపోతే తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి చీటీ రాస్తారు.

వేలికి సూది. రక్తం 9.2. కనీసం 11 ఉండాలి.

"మాత్రలు మింగతాండావా?"

పిల్ల అత్త వైపు చూస్తుంది. "అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట కదమ్మా?" అంటుంది అత్త.

"నల్లగయ్యేది బిడ్డ కాదుకా, దొడ్డికి పోయేది!"

వసారా అంతా నవ్వు. ఇకమీదట రోజుకు రెండు ఐరన్ మాత్రలు. కాఫీతో, టీతో వద్దు. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు.

పది గంటలకు గ్లూకోజు. 75 గ్రాములు, 300 మిల్లీలీటర్ల నీళ్లలో. ఏలకులు, మిరియాలు మరిచిపోయిన పానకంలా ఉంటుంది. పిల్ల ముక్కు మూసుకుని తాగేసింది. అరగంటలోపు వాంతి చేసుకుంటే రేపు మళ్లీ రావాలి.

"రెండు గంటలు ఇక్కడే కూర్చో పాపా."

"పదకొండు గంటల బస్సు పోతే మళ్లీ యాడుండాది?" అత్త లేచి నిలబడింది. ఆశక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. షుగరు పెరిగితే ఎక్కడా నొప్పి పుట్టదు, బీపీ చాలాసార్లు తలనొప్పయినా తేదు. నొప్పే లేనిదానికి బస్సు వదులుకొమ్మని ఒప్పించడం ఆశక్క ఉద్యోగంలో సగమని నాకనిపిస్తుంది. ఆ సగానికి కార్డులో గడి లేదు.

ఈలోగా లోపల బల్ల మీద పడుకోబెట్టి డాక్టరమ్మ టేపుతో పొట్ట కొలిచింది, టిఫా స్కాను కాగితం తిరగేసింది. డాప్లర్ ఆనించగానే గది నిండా దడదడ. నిమిషానికి 144. 110కీ 160కీ మధ్య ఉంటే చాలు. అత్త ముఖం విప్పారింది, "మగోడే గదా?" అంది. డాక్టరమ్మ మాట్లాడకుండా గోడ మీది బోర్డు వైపు వేలు చూపించింది. 1994 నాటి చట్టం, చెబితే జైలే.

పన్నెండు దాటింది. మళ్లీ సూది. 128. 140 లోపే. నర్సమ్మ కార్డులో రాసి ఇచ్చేసింది.

"అంతసేపు కూర్చున్నాం గదా, నాకూ ఆ పట్టీ చుట్టమ్మా" అంటూ అత్త చెయ్యి చాపింది.

160, 100.

"నాకేం నొప్పి లేదే!"

నర్సమ్మ ఆమెను మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపాగి ఇంకోసారి చూడాలి. రెండో బస్సూ పోయినట్టే.