ఆరని పొయ్యి కథ

పోయిన చలికాలం నుంచీ నేనొక పొయ్యితో కాపురం చేస్తున్నాను. ఆఫీసు పని మీద ఇంగ్లండు వచ్చి, ఊరవతల ఓ పాతింట్లో గది అద్దెకి తీసుకున్నా. ఆ వంటింట్లో, బీరువాని పడుకోబెట్టినట్టు, తెల్లటి ఎనామిల్ పూసిన పోత ఇనుప దిమ్మ ఒకటుంది. పేరు ఆగా. మంట పెంచే మీట లేదు, తగ్గించే మీట లేదు, అసలు మంటే కనపడదు. రాత్రీ పగలూ వేడిగా ఉంటుంది. మొదటిరోజు "దీన్ని ఆపడం ఎలాగండీ?" అని ఇంటావిడని అడిగితే, నావైపు జాలిగా చూసి "ఆపం" అంది.

కొత్త సిలిండరు పెట్టిన తారీఖు క్యాలెండరు మీద రాసుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఎవడ్రా బాబూ దీన్ని కనిపెట్టిన మహానుభావుడు అని వెతికితే, నేను ఊహించుకున్న దుబారా మనిషికి పూర్తిగా వ్యతిరేకం తేలాడు.

ఆయన గుస్తాఫ్ డాలెన్, స్వీడన్ ఇంజనీరు. పొదుపే ఆయన వృత్తి. ఆ రోజుల్లో సముద్రంలో దారి చూపే దీపాలు అసిటిలిన్ గ్యాసుతో వెలిగేవి. గ్యాసు ఆదా కోసం, దీపం ఆగి ఆగి వెలిగే ఏర్పాటు చేశాడు. ఆ పైన సూర్య కవాటం అని ఇంకోటి. అందులో నల్లటి కడ్డీ పగటి వెలుగుకి వేడెక్కి సాగి గ్యాసుని ఆపేస్తుంది, చీకటి పడగానే కుంచించుకుని మళ్ళీ వదుల్తుంది. కరెంటక్కర్లేదు, మనిషక్కర్లేదు. 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చింది వీటికే. అదే ఏడాది గ్యాసు సిలిండర్లు పరీక్షిస్తుంటే పేలుడు జరిగి ఆయన రెండు కళ్ళూ పోయాయి. బహుమతి అందుకోవడానికి సోదరుడు వెళ్ళాల్సొచ్చింది. అయినా 1937లో చనిపోయేదాకా కంపెనీని ఆయనే నడిపాడు.

ఆగా పుట్టింది 1922లో, అంటే చూపు పోయిన పదేళ్ళకి. భార్య ఎల్మా రోజంతా పొయ్యికి కాపలా కాయాల్సి రావడం గమనించి దీన్ని చేశాడని చెబుతారు. కిటుకు చాలా సింపుల్. లోపల చిన్న నిప్పు, అది నిదానంగా వేడెక్కించే బండ ఇనుము, వేడి బయటికి పోకుండా చుట్టూ దట్టమైన పొర, పైన రెండు పలకలకీ మందపాటి మూతలు. ఒక పలక బాగా వేడి, ఇంకోటి తక్కువ. కింద అరలూ అంతే. మంట తగ్గించడం ఉండదు, గిన్నెనే జరుపుకోవాలి. అన్నం ఒక పొంగు రానిచ్చి కింది అరలోకి తోసేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. తక్కువ వేడి పలక మీద పెనం లేకుండానే దోసె వేసేస్తున్నా! కానీ పోపులూ వేపుళ్ళూ అంటూ మూతలు తెరిచిపెడితే మాత్రం దాచుకున్న వేడంతా దిగిపోతుంది.

మా నానమ్మకి ఇదేం కొత్త కాదు. ఊళ్ళో దాలిలో పిడకల నిప్పు మీద పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేవి. దాలి, డాలెన్... పేర్లు కలవడం కాకతాళీయమే అనుకోండి, ఆలోచన మాత్రం ఒకటే.

ఆగా బ్రిటన్‌కి 1929లో వచ్చింది. ఇంటింటికీ తిరిగి దాన్ని అమ్మిన కుర్రాడు డేవిడ్ ఓగిల్వీ, తర్వాత్తర్వాత ప్రకటనల ప్రపంచాన్నేలినవాడు. ఎలా అమ్మాలో తోటి సేల్స్‌మన్లకి 1935లో ఏకంగా ఒక పుస్తకమే రాసిచ్చాడు. అప్పట్లో దీని గొప్పంతా తక్కువ ఇంధనంతో నడవడమే.

మరి పొదుపు మనిషి ఆరని పొయ్యి ఎందుకు చేశాడు? ఎందుకంటే అప్పుడు ఇంధనం బొగ్గు, కోకు. రోజూ ఆర్పి మళ్ళీ రాజెయ్యడమే పెద్ద చాకిరీ. పైగా పొయ్యి వేడే ఇంటికీ వేడి. తర్వాత నూనె, గ్యాసు, కరెంటు వచ్చాయి, ఇంటిని వెచ్చబెట్టడానికి వేరే ఏర్పాట్లొచ్చాయి. ఆరకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది. మా భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ పోయినా కోడ్ నడుస్తూనే ఉంది.

మా ఇంట్లోది నూనెది. హీటింగ్ ఆయిల్ అని మర్యాదగా పిలుస్తారు గానీ, అది మన కిరసనాయిలే. వారానికి సుమారు 40 లీటర్లు! అమ్మ డబ్బా పట్టుకుని రేషన్ షాపు క్యూలో నిలబడ్డ రోజులు గుర్తొచ్చి, మొదట్లో దాని పక్కన నిలబడాలంటేనే ఏదోలా ఉండేది.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక ఇక్కడ లీటరు ధర పౌండు దాటింది. ఆ ఏడు ఇంటావిడ మొదటిసారి దాన్ని ఆపేసిందట. ఇంట్లో మనిషి పోయినట్టు ఉందని చెప్పింది. అప్పట్నుంచీ ఎండాకాలమంతా ఆపుతోంది, చలికాలం వెలిగిస్తోంది. మొన్న "దీన్ని తీసేయించమంటావా?" అని నన్నడిగింది. లెక్కలు చూస్తే తీసేయించాల్సిందే. కానీ డిసెంబరు పొద్దున్నే దానికి వీపు ఆనించి నిలబడే డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అవసరమైనప్పుడే వేడెక్కే ఎలక్ట్రిక్ ఆగాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అక్కర్లేనప్పుడు దీపం దానంతటదే ఆరిపోవాలని సూర్య కవాటం చేసినవాడి పేరు నిలబెట్టేది అదేనని నాకనిపిస్తుంది. ఆవిడకి అదే చెప్పా. "వీపు ఆనించుకోవచ్చా?" అంది. చలికాలం పొద్దున్నే ఆన్ అయ్యేట్టు టైమర్ పెట్టుకుంటే భేషుగ్గా ఆనించుకోవచ్చు అన్నాను. ఆలోచిస్తోంది.